ఖాళీ గడిలో ఎవరి పేరు?

మహాభారతం ఆదిపర్వంలో బకాసురుడి కథ మనందరికీ తెలిసినదే. ఏకచక్రపురం ప్రజలు ఆ రాక్షసుడితో ఒక ఒప్పందానికి వస్తారు. ఇంటికొక వంతు. వంతు వచ్చిన ఇంటివాళ్ళు బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటితో పాటు ఒక మనిషిని పంపించాలి. పాండవులు తలదాచుకున్న బ్రాహ్మడి ఇంటికి ఆ వంతు వస్తుంది. కుంతి మాట మీద భీముడు బండి తోలుకుని వెడతాడు. తరవాత జరిగింది చెప్పనక్కర్లేదు.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా నాకు భీముడే కనిపించేవాడు. ఇన్నేళ్ళు డేటాబేసులతో కాపురం చేశాక ఇప్పుడు ముందుగా కనిపిస్తున్నది ఆ వంతుల జాబితా. ఆ వరస ఎవరు వేశారు? ఊళ్ళోకి కొత్తగా వచ్చిన వాళ్ళ పేరు జాబితాలో ఎక్కడ చేర్చారు? వంతు ఒకరిది, వెళ్ళినది మరొకరు అయినప్పుడు లెక్క ఎవరి ఖాతాలో రాశారు? నవ్వకండి. మా ఆదివారం తెలుగు బడికి ఒక క్యాలెండరు తయారు చేస్తూ నేను తలపడిన ప్రశ్నలు సరిగ్గా ఇవే. వాటిలో ఒకదానికి సమాధానం ఆలోచించకుండా ప్రోగ్రాము రాసేసి, ఒక పెద్దావిడ మనసు నొప్పించాను. క్యాలెండరులో కొత్త పని ఒకటి చేర్చగానే అది చెయ్యవలసిన మనిషి పేరు దానంతటదే పడేలా చెయ్యడం ఎలాగో, అందులో ఎక్కడెక్కడ కాలు జారుతుందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రోగ్రాములు రాయడం రాని వారికి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. సంఘాల పనులు నెత్తిన వేసుకునే వాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ అవసరం పడుతుంది కదా.

క్యాలెండరు వెనకాల ఏముంది?

మన ఇళ్ళల్లో గోడకి వేలాడే వెంకట్రామా వారి క్యాలెండరులో తేదీ ఉన్న గడే నోటుపుస్తకం. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన రోజు, చాకలి పద్దు అన్నీ ఆ గడిలోనే. కంప్యూటరు తెర మీద కనిపించే క్యాలెండరు కూడా చూడడానికి అలాగే ఉంటుంది కాని, దాని నిర్మాణం వేరు. తెర మీది గడుల్లో నిజానికి ఏమీ ఉండదు. సమాచారం అంతా వెనకాల పట్టికల్లో ఉంటుంది. క్యాలెండరు ఆ పట్టికని తేదీల వారీగా పేర్చి చూపించే ఒక కిటికీ, అంతే. అదే పట్టికని మనుషుల వారీగా పేర్చి చూపిస్తే అది హాజరుపట్టీ అవుతుంది.

సమాచారాన్నంతా ఇలా పట్టికల రూపంలో పెట్టుకోవచ్చనీ, అది యంత్రంలో ఏ మూల ఎలా దాచి ఉందో వాడుకునేవాళ్ళకి తెలియనక్కర్లేదనీ 1970లో ఐ.బి.ఎం.లో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ ఒక పరిశోధనపత్రంలో ప్రతిపాదించాడు. ఈనాడు బ్యాంకుల్లో, రైలు టిక్కెట్ల దగ్గర, ఆసుపత్రుల్లో వాడే డేటాబేసుల్లో ఎక్కువ భాగం ఆ ఆలోచన మీద నిలబడ్డవే.

మా బడి క్యాలెండరుకి మూడు పట్టికలు సరిపోయాయి. మొదటిది మనుషులు: ఒక్కొక్క కార్యకర్తకి ఒక వరస, ఒక నంబరు. రెండోది పనులు. మా బడిలో వారం వారం ఉండే పనులు మూడు. ముందుగా వచ్చి తలుపు తీసి బల్లలు వెయ్యడం ఒకటి, పిల్లలకి కథ చెప్పడం రెండు, చివర్లో గది ఊడ్చి చెత్త పారేసి తాళం వెయ్యడం మూడు. మూడో పట్టిక వంతులు. ఏ తేదీన, ఏ పని, ఎవరు చెయ్యాలి అన్నది ఇందులో ఉంటుంది. ఇక్కడ మనిషి పేరు రాయకూడదు, నంబరు రాయాలి. ఆ నంబరు మనుషుల పట్టికలో ఉన్నదే అయి ఉండాలని డేటాబేసుకి ఆజ్ఞ ఇవ్వవచ్చు. దీన్ని ఫారిన్ కీ అంటారు. ఎందుకీ పట్టుదల అంటే, పేర్లు చేత్తో రాసుకుంటూ పోతే ఒకచోట శ్రీనివాస్, ఇంకోచోట శ్రీనివాసు, మరోచోట వాసు అని పడుతుంది. మనకి ఒక్కడే వాసు. కంప్యూటరుకి ముగ్గురు మనుషులు. వంతుల లెక్క అక్కడే తప్పుతుంది.

ఖాళీని నింపే అయిదు పద్ధతులు

ఇప్పుడు ఎవరో ఒకరు వంతుల పట్టికలో కొత్త వరస చేర్చారనుకోండి. తేదీ రాశారు, పని రాశారు, మనిషి గడి ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీని ఎలా నింపాలి?

మొదటి పద్ధతి, రాసినవాడి పేరే వెయ్యడం. తెర ముందు కూర్చున్నది ఎవరో కంప్యూటరుకి తెలుసు కాబట్టి ఇది అన్నిటికన్నా సులువు. ఎవరి పనులు వాళ్ళే రాసుకునే చోట ఇది సరైనదే. కాని సంఘాల్లో పనులన్నీ నమోదు చేసేది సాధారణంగా కార్యదర్శి ఒక్కరే. ఈ పద్ధతి పెడితే ఆ పాపానికి ఊడ్చే పని, కథల పని, తలుపు పని అన్నీ ఆయనకే పడతాయి. కాబట్టి పట్టికలో రెండు గడులు విడివిడిగా ఉండాలి: నమోదు చేసినవారు, చెయ్యవలసినవారు. మొదటిది యంత్రమే నింపాలి, దాన్ని ఎవరూ మార్చకూడదు. రెండోదాన్ని నింపడానికే ఈ ఆలోచనంతా.

రెండో పద్ధతి, ఒక స్థిరమైన పేరు. ఏమీ రాయకపోతే ఫలానా వారు అని ముందే పెట్టేయడం. పని ఎటూ కాకుండా పోకుండా ఉండడానికి మంచిదే. ఆ ఫలానా వారు పని పంచేవారు అయితే ఫరవాలేదు. చేసేవారు అయితే ఆర్నెల్లలో ఆయన సంఘం వదిలేస్తారు.

మూడోది వంతులు. ఒకరి తరవాత ఒకరు, చివరికి వచ్చాక మళ్ళీ మొదటికి. నాలుగోది, ఇప్పటిదాకా ఎవరికి తక్కువ పని పడిందో వాళ్ళకి వెయ్యడం. అయిదోది చీటీలు. చీటీలు చాలా న్యాయమైన పద్ధతి అనిపిస్తుంది. కాని చీటీల న్యాయం తేలడానికి చాలాకాలం పడుతుంది. పన్నెండు మంది పేర్లూ ప్రతిసారీ డబ్బాలో వేసి తీస్తే, ఈసారి వచ్చినవాడి పేరే వచ్చేసారి కూడా వచ్చే అవకాశం పన్నెండింట ఒకటి. ముప్పై వారాల బడిలో ఇలా చాలాసార్లే జరుగుతుంది. వరసగా రెండు ఆదివారాలు ఊడ్చినవాడికి సంభావ్యతా సిద్ధాంతం చెప్పి ఒప్పించడం కష్టం.

రూలు ఎక్కడ రాయాలి?

ఏ పద్ధతి అయినా, ఆ రూలుని ఎక్కడ ఉంచాలన్నది తరవాతి ప్రశ్న. సమాచారం నింపే ఫారంలో ఉంచవచ్చు. కాని రేపు ఎవరో ఫోనులోంచి చేరుస్తారు, ఇంకెవరో ఎక్సెల్ పట్టికలోంచి యాభై వరసలు ఒకేసారి ఎక్కిస్తారు. ఫారంలో ఉన్న రూలు వాళ్ళకి వర్తించదు. డేటాబేసులోనే ఉంచితే ఏ దారిన వచ్చినా రూలు తప్పదు, గుడికి ఎన్ని దారులున్నా గర్భగుడికి వాకిలి ఒకటే ఉన్నట్టు.

డేటాబేసులో గడికి డిఫాల్టు అనే సదుపాయం ఉంటుంది. ఏమీ రాయకపోతే ఈ విలువ వేసుకో అని చెప్పడం. ఇది నమోదు చేసిన తేదీ లాంటి వాటికి బాగుంటుంది. కాని పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసుల్లో డిఫాల్టు చెప్పేచోట పక్క పట్టికలు వెతికి చూసే ప్రశ్న రాయనివ్వరు. ఎవరికి ఎన్ని వంతులు పడ్డాయో లెక్కపెట్టి పేరు వెయ్యాలంటే దానికి ట్రిగ్గరు కావాలి. కొత్త వరస పట్టికలోకి వెళ్ళబోయే క్షణంలో దానంతటదే నడిచే చిన్న ప్రోగ్రామే ట్రిగ్గరు. ఎస్‌.క్యు.ఎల్‌. భాష ప్రమాణంలోకి ఇది 1999లో వచ్చింది. మన ట్రిగ్గరు చెయ్యవలసింది ఇంతే: మనిషి గడి ఖాళీగా ఉందా అని చూడు, ఖాళీగా ఉంటే రూలు ప్రకారం ఒక నంబరు వెతికి అందులో వెయ్యి, ఖాళీగా లేకపోతే ముట్టుకోకు. ఈ చివరి మాట మరిచిపోయారంటే, మీరు పనిగట్టుకుని ఒకరిని అడిగి ఒప్పించి రాసిన పేరుని యంత్రం చెరిపేసి తనకి తోచిన పేరు వేస్తుంది.

ఇంకొక జాగ్రత్త. "మీకు వంతు పడింది" అని ఈమెయిలు పంపే పని ట్రిగ్గరు లోపల పెట్టకండి. ఏదో పొరపాటు జరిగి డేటాబేసు ఆ వరసని వెనక్కి తీసేసుకోవచ్చు. వెళ్ళిపోయిన ఈమెయిలు మాత్రం వెనక్కి రాదు. పంపవలసిన ఉత్తరాలని ఇంకో పట్టికలో రాసిపెట్టి, వంతు ఖాయమయ్యాక వేరే ప్రోగ్రాము చేత పంపించడం పద్ధతి.

ఒకే గది ఇద్దరు చుట్టాలకి

పెళ్ళివారి విడిదిలో జరిగేది చూసే ఉంటారు. మేనమామ ఒక చుట్టానికి, బాబాయి ఇంకో చుట్టానికి, ఇద్దరూ ఒకే ఖాళీ గది చూసి "మీకు ఆ గది" అని చెప్పేస్తారు. ఇద్దరిదీ తప్పు కాదు. చూసినప్పుడు గది ఖాళీయే. చూడడానికీ, చెప్పడానికీ మధ్య కాస్త వ్యవధి ఉంది, అంతే.

కంప్యూటరులోనూ ఇదే. ఇద్దరు ఒకే క్షణంలో రెండు కొత్త పనులు చేర్చారు. రెండు ట్రిగ్గర్లూ తరవాతి వంతు ఎవరిదని చూశాయి. రెండిటికీ ఒకే పేరు కనిపించింది. ఒకే మనిషికి రెండు వంతులూ పడ్డాయి. దీనికి మందు తాళం. తరవాతి వంతు ఎవరిదో రాసుకున్న వరసని చదివేటప్పుడే తాళం వేసి చదవాలి. మన పని ముగిసేదాకా రెండోవాడు గుమ్మంలో ఆగుతాడు. ఈ ఆగడం సెకనులో చిన్న భాగం, ఎవరికీ తెలియదు. దానితో పాటు, ఒకే తేదీన ఒకే మనిషికి రెండు పనులు పడకూడదని పట్టికకే ఒక నిబంధన పెట్టుకుంటే, తాళం వెయ్యడం మనం మరిచిపోయినా డేటాబేసే అడ్డుపడుతుంది.

వారం వారం వచ్చే పనులు

బడి ప్రతి ఆదివారం ఉంటుంది. ముప్పైసార్లు నమోదు చేసే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి క్యాలెండరు ప్రోగ్రాములన్నిటిలో "ప్రతి వారం" అనే సదుపాయం ఉంటుంది. తెర మీద ముప్పై గడుల్లో పని కనిపిస్తుంది కాని, చాలా ప్రోగ్రాములు వెనకాల దాచుకునేది ఒక్క వరసే, దానికి ఒక పునరావృత్తి రూలు. ఒకటే వరస చేరింది కాబట్టి ట్రిగ్గరు ఒకసారే నడుస్తుంది, ఒక పేరే వేస్తుంది. ఆ ఒక్కరికి ముప్పై వారాలూ పడతాయి. మనుషులకి పంచవలసిన పని అయితే రూలుని విప్పి ముప్పై వరసలుగా రాసుకోవాలి.

అలా విప్పేటప్పుడు గడియారంతో జాగ్రత్త. అమెరికాలో 2007 నుంచి మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతున్నారు. ఉదయం పది అన్నదాన్ని అంతర్జాతీయ సమయంలోకి మార్చి, దానికి వారానికి నూట అరవై ఎనిమిది గంటల చొప్పున కలుపుకుంటూ పోతే నవంబరులో బడి తొమ్మిదికి మొదలవుతుంది. ఇండియాలో ఈ బాధ లేదు, ఏడాది పొడుగునా అయిదున్నర గంటల తేడాయే. స్థానిక సమయాన్నీ, ఏ ఊరి సమయమో దాన్నీ కలిపి దాచుకోవడం మంచిది.

గ.సా.భా. చేసిన నిర్వాకం

ఇక నా తప్పు సంగతి. నేను ఎంచుకున్నది మూడో పద్ధతి, వంతులు. అంతకన్నా న్యాయమైనది ఏముంటుంది? మేము పన్నెండు మంది కార్యకర్తలం. బడిలో చేరిన వరసలో ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు. పనులు వారానికి మూడు. తాళాలు వేశాను, ట్రిగ్గరు పరీక్షించాను, ముప్పై ఆదివారాలూ విప్పి రాశాను. ఒక్కొక్కరికి నాలుగు వారాలకొకసారి వంతు. కమిటీ వాళ్ళు భేష్ అన్నారు. ఏడాదంతా ఒక్క ఫిర్యాదు రాలేదు.

మా కార్యకర్తల్లో ఒక పెద్దావిడ ఉన్నారు. మేమంతా పిన్నిగారూ అని పిలుస్తాం. ఇక్కడ కొడుకు దగ్గరకి రాకముందు ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పారు. సంవత్సరాంతం సమావేశం అయ్యాక నేను వైర్లు చుట్టుకుంటూ ఉంటే ఆవిడ దగ్గరకి వచ్చి, చాలా నెమ్మదిగా అడిగారు.

"నాయనా, ఏమీ అనుకోకు. పిల్లలకి కథ చెప్పడానికి నేను పనికిరాననుకున్నారా?"

నాకు అర్థం కాలేదు. "అదేమిటి పిన్నిగారూ?" అన్నాను.

"ఏడాదంతా నాకు ఊడ్చే పనే వేశారుగా. తప్పని కాదులే. కమిటీ వాళ్ళు ఏదో ఆలోచించే వేసి ఉంటారనుకున్నాను" అన్నారు.

ఇంటికి వచ్చి పట్టిక తీసి చూశాను. ఆవిడ నంబరు తొమ్మిది. మొదటి వారం ఒకటి, రెండు, మూడు నంబర్లకి వరసగా తలుపు, కథ, ఊడ్చడం పడ్డాయి. రెండో వారం నాలుగు, అయిదు, ఆరు. మూడో వారం ఏడు, ఎనిమిది, తొమ్మిది. నాలుగో వారం పది, పదకొండు, పన్నెండు. అయిదో వారం మళ్ళీ ఒకటి, రెండు, మూడు, మళ్ళీ అదే వరసలో తలుపు, కథ, ఊడ్చడం. అంటే మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు నంబర్ల వాళ్ళకి ఎప్పుడూ ఊడ్చే పనే. కథ వాళ్ళకి ఎప్పటికీ రాదు. పిన్నిగారికి ఏడుసార్లు వంతు వచ్చింది, ఏడుసార్లూ చీపురే.

తెలుగు మీడియంలో చదువుకున్న వాళ్ళకి గ.సా.భా. గుర్తుండే ఉంటుంది, గరిష్ఠ సామాన్య భాజకం. పన్నెండుకీ మూడుకీ గ.సా.భా. మూడు. మూడు పన్నెండుని నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి, చక్రం ఎన్నిసార్లు తిరిగినా మనిషికీ పనికీ ఉన్న ముడి విడిపోదు. అదే పదమూడు మంది ఉండి ఉంటే గ.సా.భా. ఒకటి. ఒకటో నంబరుకి మొదటిసారి తలుపు, తరవాత కథ, ఆ తరవాత ఊడ్చడం వచ్చేవి. ముప్పై తొమ్మిది వంతుల్లో, అంటే పదమూడు వారాల్లో, ప్రతి మనిషికీ ప్రతి పనీ సరిగ్గా ఒక్కొక్కసారి వచ్చేది. ఒక్క మనిషి ఎక్కువుంటే అంత న్యాయం, లేకపోతే ఇంత అన్యాయం. ఎన్ని వంతులు పడ్డాయన్నది మాత్రమే నేను లెక్కపెట్టాను. ఏ వంతులు పడ్డాయన్నది చూడలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది భాగహారం కాదు. ఆ పట్టిక వెనకాల ఎవరి ఆలోచనా లేదు. కాని ఆవిడ దాని వెనకాల కమిటీ ఉందనుకున్నారు. పెద్దవాళ్ళం తన గురించి ఇలా తీర్మానించామనుకుని, ఏడాదంతా మారు మాట్లాడకుండా వచ్చి ఊడ్చి వెళ్ళారు. చేత్తో పంచి ఉంటే మూడోసారి చీపురు రాసేటప్పటికి ఎవరో ఒకరం "అయ్యో, మళ్ళీ పిన్నిగారికేనా" అని ఉండేవాళ్ళం. యంత్రానికి ఆ "అయ్యో" తెలియదు. మనం రూలులో రాస్తేనే దానికి తెలుస్తుంది.

తక్కువ లెక్క ఉన్నవాళ్ళకే పని

తరవాతి ఏడాదికి నాలుగో పద్ధతిలోకి మారాను, కాని లెక్క పని వారీగా పెట్టాను. ఊడ్చే పనికి మనిషి కావాలంటే, ఇప్పటిదాకా ఎవరు తక్కువసార్లు ఊడ్చారో చూడాలి. ఇద్దరు ముగ్గురు సమానంగా ఉంటే మొత్తం వంతులు ఎవరికి తక్కువో చూడాలి. అదీ సమానమైతే ఎవరి వంతు అయిపోయి ఎక్కువ రోజులైందో వాళ్ళకి. ఇప్పుడు మనుషుల సంఖ్య పన్నెండైనా పదమూడైనా ఒకటే.

ఈ పద్ధతికీ దాని గోతులు దానికున్నాయి. మొదటిది కొత్త కోడలి గొయ్యి. జనవరిలో కొత్త కార్యకర్త చేరారు. ఆయన ఖాతాలో సున్నా, మిగతావాళ్ళ ఖాతాల్లో నాలుగేసి. యంత్రం ఊరుకుంటుందా? అందరితో సమానమయ్యేదాకా వారం వారం ఆయనకే వేస్తుంది. కొత్తవాళ్ళని చేర్చుకునేటప్పుడు అప్పటికి మిగతావాళ్ళ సగటు ఎంతో అంత ప్రారంభ నిల్వ వాళ్ళ ఖాతాలో వెయ్యాలి. రెండోది ఇండియా ప్రయాణం. రెండు నెలలు వెళ్ళి వచ్చినవాళ్ళ మీద తిరిగి రాగానే బకాయి అంతా పడుతుంది. అందుకని ఎవరు ఏ తేదీల్లో ఊళ్ళో ఉండరో చెప్పే నాలుగో పట్టిక ఒకటి కావాలి. లేని రోజులకి వాళ్ళ ఖాతాలో ఎంత జమ కట్టాలన్నది యంత్రం చెప్పలేదు, మనుషులు కూర్చుని తేల్చుకోవాలి. మూడోది మంచు. మంచు పడి బడి మూసేస్తే ఆ రోజు వంతు వాడినట్టా, కాదా? మేము కాదనే నిర్ణయించాం. నాలుగోది, కుదరదన్నవాళ్ళు. కుదరదంటే లెక్క పెరగదు. లెక్క తక్కువుంది కాబట్టి యంత్రం మళ్ళీ వాళ్ళనే అడుగుతుంది, విసిగిస్తుంది. అందుకని చివరిసారి చేసిన తేదీతో పాటు చివరిసారి అడిగిన తేదీని కూడా రాసుకోవాలి.

పేరు పడడం వేరు, ఒప్పుకోవడం వేరు

ఇవన్నీ సరిచేశాక కూడా ఒక విషయం మిగిలింది. పిన్నిగారు కుదరదనలేదు కదా, మరి ఒప్పుకున్నట్టేనా?

ఒక క్యాలెండరు ఇంకో క్యాలెండరుతో మాట్లాడుకోవడానికి ఐక్యాలెండర్ అనే ప్రమాణం ఉంది. 1998లో మొదట వచ్చింది, 2009లో సవరించి ఆర్‌.ఎఫ్‌.సి. 5545 పేరుతో మళ్ళీ ప్రకటించారు. అందులో ఒక కార్యక్రమానికి మనిషి పేరు చేర్చితే, ఆ పేరు పక్కన అతని జవాబు ఏమిటో చెప్పే గుర్తు ఒకటి ఉంటుంది. కార్యక్రమాలకి ఆ గుర్తులు అయిదు: జవాబు రావలసి ఉంది, వస్తాను, రాను, బహుశా, నా బదులు మరొకరు. ఏ గుర్తూ పెట్టకపోతే జవాబు రావలసి ఉంది అనే అర్థం చేసుకోవాలి. పేరు రాసినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని ప్రమాణం రాసినవాళ్ళు మొదట్లోనే గుర్తించారు. అయిదో గుర్తు ఏకచక్రపురంలో ఉండి ఉంటే బ్రాహ్మడి పేరు పక్కన అదే పడేది, భీముడి నంబరుతో సహా.

మౌనం ఎంత బలమైనదో చెప్పే లెక్క ఒకటుంది. ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టైన్ అనే ఇద్దరు 2003లో సైన్స్ పత్రికలో అవయవదానం గురించి రాశారు. మరణానంతరం అవయవాలు ఇస్తానని ముందుకి వచ్చి చెప్పవలసిన జర్మనీలో ఒప్పుకున్నవాళ్ళు 12 శాతం. వద్దని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్కించే ఆస్ట్రియాలో 99.98 శాతం. పక్కపక్క దేశాలు, ఒకే భాష మాట్లాడే మనుషులు. తేడా అంతా ఖాళీ గడిలో ముందుగా ఏమి వేసి ఉంచారన్న దాంట్లో ఉంది. ఆస్ట్రియాలో అందరూ మనసారా ఒప్పుకున్నారని దీని అర్థం కాదు. ఎక్కువమంది గడి మార్చలేదు, అంతే.

మనవాళ్ళ విషయంలో దీనికి మొహమాటం కూడా తోడవుతుంది. వడ్డించేవాళ్ళు అడక్కుండా ఇంకో గరిటె వేస్తే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టలేని వాళ్ళం. క్యాలెండరులో పేరు పడ్డాక, అదీ పదిమందికి కనిపించేలా పడ్డాక, "నాకు వద్దు" అని రాయగలమా? కుర్రవాళ్ళు రాస్తారు. పెద్దవాళ్ళు, కొత్తవాళ్ళు, ఆడవాళ్ళు రాయడం తక్కువ. కాబట్టి మౌనాన్ని అంగీకారంగా లెక్కించే ప్రతి ప్రోగ్రామూ పనిని మొహమాటస్తుల వైపు నెమ్మదిగా తోస్తూ ఉంటుంది. చూడడానికి మాత్రం అంతా సమంగా పంచినట్టే ఉంటుంది.

అందుకని ఇప్పుడు మా క్యాలెండరులో ట్రిగ్గరు వేసే పేరు బూడిద రంగులో పడుతుంది, పక్కన "అడగాలి" అని ఉంటుంది. ఆ మనిషి సరేనంటేనే నల్లగా మారుతుంది. మూడు రోజుల్లో జవాబు రాకపోతే యంత్రం దాన్ని ఒప్పుకోలుగా తీసుకోదు, ఫోను చెయ్యమని కార్యదర్శికి గుర్తు చేస్తుంది. ఇంకొక గడి కూడా చేర్చాను, ఈ పేరు ఎందుకు పడిందో చెప్పే గడి. "ఈ పని మీరు ఇప్పటికి ఒక్కసారే చేశారు, మిగతావాళ్ళు రెండేసిసార్లు చేశారు" అని తెలుగులో ఒక వాక్యం. ఆ వాక్యం రాయించడానికి నాకు పట్టిన సమయం ఒక సాయంత్రం. మొదటి ఏడాదే రాసి ఉంటే, "మీ నంబరు తొమ్మిది కాబట్టి" అని చూసి పిన్నిగారు మూడో వంతుకే నన్ను నిలదీసి ఉండేవారు.

మీరు మీ సంఘానికి ఇలాంటిది పెట్టుకోబోతుంటే ఒక్క పని చెయ్యండి. అయిపోయిన ఏడాది పట్టిక తీసి, మనుషులు నిలువుగా, పనులు అడ్డంగా పెట్టి ఎవరికి ఏ పని ఎన్నిసార్లు పడిందో లెక్క వెయ్యండి. మొత్తాలు చూడకండి, గడులు చూడండి. ఎక్కడైనా ఒక వరసలో ఒకే గడి నిండి మిగతావి సున్నాలుగా ఉంటే, ఆ మనిషికి ఫోను చేసి మాట్లాడండి.

కొత్త క్యాలెండరులో మొదటి నెలలోనే పిన్నిగారికి కథ చెప్పే వంతు వచ్చింది. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన గొంతు కదా, గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఆ రోజు ఊడ్చే వంతు నాది. నేను చీపురు తీసుకునేటప్పటికి ఆవిడ బల్లలు పక్కకి జరుపుతున్నారు. "పిన్నిగారూ, ఇవాళ మీ వంతు కాదండీ" అన్నాను. "తెలుసులే నాయనా, నీ కంప్యూటరుకి చెప్పకు" అన్నారు.